సంపూర్ణమ్మ గుడ్ల గంప

ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైందంటే సంపూర్ణమ్మ ఇంట్లో ఉల్లిపొట్టు గుమ్మం దాటి బయటికి పోదు. వంటింటి దూలానికి వేలాడే పాత బియ్యం సంచిలోకి పోతుంది. రోజులు గడిచేకొద్దీ సంచి ఉబ్బుతుంది. కాలవ మీది గాలి కిటికీలోంచి దూరిందంటే లోపల పొట్టంతా గలగలమంటుంది, సంచిలో ఎవరో సన్నగా నవ్వుకుంటున్నట్టు. పాలెంలో ఆడవాళ్లు చాటల్లో తమ ఇళ్ల పొట్టు కూడా తెచ్చి అందులో దులిపి వెళ్తారు. ఆ సంచి బొజ్జ చూసే పిల్లలు ఈస్టరు ఎంత దూరంలో ఉందో చెప్పేస్తారు.

ఈ ఏడు సంచి సగమే నిండింది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరకొచ్చినా చాట పట్టుకుని ఎవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో సంపూర్ణమ్మకి తెలుసు. వెళ్లి అడగలేదు. అడగడం ఆవిడకి మొదట్నుంచీ చేతకాదు.

పెనుగొండ నుంచి కాలవ వెంట వచ్చే రోడ్డుకి ఎడమ పక్కన ఉంటుంది ఆ పాలెం. ఒక వైపు కాలవ, ఒక వైపు దాళ్వా వరి చేలు, మధ్యలో ఎర్రపెంకుల లూథరన్ గుడి, గుడి వెనక సమాధుల తోట. చేలు ఎవరివో, చేలల్లో వంగిన నడుములు ఎవరివో అక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. సంపూర్ణమ్మ కూడా ఆ చేలల్లోనే నాట్లు వేసి, కలుపు తీసి పెద్దదైంది. రైతుల వీధిలో నడిచేటప్పుడు వాళ్లమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. సంపూర్ణమ్మ పదేళ్లప్పుడు అమ్మతో పాటు ఆ వీధిలోకి వెళ్తూ చెప్పులు విప్పనంది. అమ్మ కొట్టింది. ఏడుస్తూ చెప్పులతోనే నడిచింది. ఆ తర్వాత బతుకంతా ఆ నడకే.

గుడ్లకి రంగు వెయ్యడం వాళ్ల అమ్మమ్మ దగ్గర మొదలైంది. అమ్మమ్మ మిషను బంగళాలో వంటమనిషి. అక్కడి దొరసానమ్మ తన దేశం నుంచి తెచ్చుకున్న రంగు బిళ్లలు ఒక ఏడు అయిపోయాయట. రేపు పండగనగా ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటే, అమ్మమ్మ పెరట్లోకి పోయి ఉల్లిపొట్టు, పసుపు, లేత టేకాకు తెచ్చి గుడ్లతో కలిపి ఉడకేసిందట. తర్వాత దొరసానమ్మ వెళ్లిపోయింది. బంగళా కూలిపోయింది. గుడ్లు మాత్రం పాలెంలో ఉండిపోయాయి. బంగళాలో అవి పిల్లలు వెతుక్కునే ఆట. పాలేనికి వచ్చాక సమాధుల దగ్గరకి చేరాయి. ఈస్టరు తెల్లవారుజామున, కొత్తగా సున్నం కొట్టిన ప్రతి సమాధి మీదా ఒక రంగు గుడ్డు పెడతారు. ఏసుప్రభువు సమాధికి అడ్డం పెట్టిన రాయి దొర్లిపోయిన ఉదయం అది. కింద ఉన్నవాళ్లు కూడా ఒకనాడు పెంకు పగలగొట్టుకుని లేస్తారని గుర్తు. ప్రార్థన అయ్యాక పిల్లలు వాటిని ఏరుకుని తింటారు. చనిపోయినవాళ్లు పిల్లలకి పెట్టే ఫలహారమే అది అనేది సంపూర్ణమ్మ వాళ్లమ్మ.

ఎనభై ఆరులో గోదావరి పొంగినప్పుడు సంపూర్ణమ్మ ఇరవయ్యేళ్ల కొత్త కోడలు. గట్టు తెగి నీళ్లు పాలెంలోకి వచ్చాయి. అందరూ పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎత్తుకుని గుడిలోకి ఎక్కారు. సంపూర్ణమ్మ ఒక చంకలో ఎనిమిదేళ్ల మరిది జీవరాజునీ, నెత్తి మీద కోళ్ల గంపనీ పెట్టుకుని మెట్లెక్కింది. మనుషులకే చోటు లేదు, కోళ్లేంటమ్మా అన్నాడు అప్పటి పాస్టరుగారు. "వీటిని దింపితే నేనూ దిగుతానండి" అని అక్కడే మెట్టు మీద నిలబడిపోయింది, మోకాళ్ల దాకా నీళ్లలో. చివరికి ఆయనే జరిగి చోటిచ్చాడు. మర్నాడు పొద్దున ఒక పెట్ట ప్రసంగం బల్ల కిందకి దూరి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు కాల్చి సంపూర్ణమ్మ జీవరాజుకి తినిపించింది. చుట్టూ ఎర్రనీళ్లు, మధ్యలో గుడి, గుళ్లో ఒక కాల్చిన గుడ్డు వాసన. ఆ వాసన గురించి జీవరాజు పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు.

పెళ్లయిన కొత్తలో ఆవిడ మొగుడు ఐజాక్ ట్రాక్టరు తోలేవాడు. నెమ్మదస్తుడు. "మా ఆవిడ ఒకసారి కాదందంటే ఇంక ఇంజను ఆపేసుకోవడమే" అని నవ్వేవాడు. సంపూర్ణమ్మ ఊరి బడిలో ఆయాగా చేరింది. మీటింగుల్లో అందరికీ కుర్చీలు వేసి తనకి నేల చూపిస్తే, మీటింగు అయ్యేదాకా నిలబడే ఉండేది. రెండేళ్లు అలా నిలబడ్డాక ఎవరో ఒక స్టూలు తెచ్చి పెట్టారు. ఐజాక్ పోయి ఎనిమిదేళ్లయింది. తోటలో మామిడి చెట్టు వైపు ఉంటుంది ఆయన సమాధి.

వాళ్లకి ఒక్కడే కొడుకు ఫిన్నీ. కోళ్లఫారం వాళ్ల గుడ్ల వ్యాను నడుపుతాడు. రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే ఆ వ్యాన్లోనే పెళ్లికూతుర్ని తీసుకుని ఇంటికి వచ్చాడు. పిల్ల పేరు వెంకటదుర్గ. ఏ వీధిలో చెప్పులు చేత పట్టుకోవాలని సంపూర్ణమ్మకి నేర్పబోయారో ఆ వీధి పిల్ల, భీమరాజుగారమ్మాయి. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాక ఫిన్నీ చేత పసుపు తాడు కట్టించుకుంది. పెళ్లికి అటువాళ్లూ రాలేదు, ఇటువాళ్లూ రాలేదు. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి పిల్లని కిందా మీదా చూసి, "ఏంటమ్మా, గుడ్ల మధ్య కూర్చుని వచ్చావు, ఎన్ని పగలగొట్టావు?" అంది. దుర్గ ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో "ఒక్కటీ పగల్లేదండి" అంది. "అయితే లోపలికి రా" అంది సంపూర్ణమ్మ.

ఈ ఏడు గుడివాళ్లు దుర్గని బాప్తీస్మం తీసుకోమన్నారు. "నాకు నిజంగా అనిపించినరోజు తీసుకుంటానండి, అడిగారని తీసుకోను" అంది ఆ పిల్ల. ఆ జవాబు విని సంపూర్ణమ్మకి కడుపు నిండినట్టయింది. తన పొట్టన పుట్టకపోయినా తన పోలికే వచ్చిందనుకుంది. మిగతా పాలేనికి మాత్రం అది నచ్చలేదు. పొట్టు చాటలు రావడం ఆగిపోయింది అందుకే.

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక జీవరాజు వచ్చాడు. ఇప్పుడతను ప్రైవేటు కాలేజీలో గుమాస్తా, గుడి కమిటీకి సెక్రటరీ. చేతిలో ఈతమట్ట ఇంకా అలాగే ఉంది. అరుగు మీద కూర్చోలేదు.

"వదినా, కమిటీ ఒక మాట అనుకుందండి."

"కమిటీ అంటే నువ్వే కదరా. కూర్చుని చెప్పు."

"నేనొక్కణ్ణే కాదు కదండి."

"మిగతావాళ్లు నువ్వు తలూపితే ఊపుతారు. ఏంటి విషయం?"

"ఈసారి సమాధుల మీద గుడ్లు వద్దనుకున్నాం."

సంపూర్ణమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు. "ఎందుకంట?"

"పసుపండీ. పసుపు పూసి సమాధుల మీద పెడితే చూసేవాళ్లకి ఎలా ఉంటుంది? అమ్మోరికి పెట్టినట్టు ఉంటుంది."

"మీ అమ్మ పెట్టినప్పుడు అలా లేదా?"

"అప్పుడు ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు ఎవరడిగారు?"

జీవరాజు వాకిట్లోకి చూశాడు. దుర్గ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. మెడలో పసుపు తాడు ఎండలో తళుక్కుమంది.

"మీ ఇంట్లో చేపల పులుసులో పసుపు మానేశారేంట్రా?" అంది సంపూర్ణమ్మ.

"అది తిండి వదినా."

"ఇదీ తిండే. పిల్లలు ఏరుకుని తినట్లేదూ?"

"పిల్లలకి ఏం లోటు చెయ్యట్లేదండి. ప్లాస్టిక్ గుడ్లు ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాం. లోపల చాక్లెట్టు ఉంటుంది. రంగురంగులుగా వస్తాయి."

"ప్లాస్టిక్ గుడ్లోంచి ఏం లేస్తుందిరా?"

"మీతో మాట్లాడలేం. ఆ కల్లు సంగతి కూడా అంటున్నారు. పండగ గుడ్లలో కల్లేంటి అని."

"పుల్లకల్లు, గరిటెడు. రంగు పట్టడానికి. యానాం వెళ్లి మందు సీసాలు తెచ్చుకుంటున్నానా ఏంటి నేను?"

తీగ దగ్గర దుర్గ ఫక్కున నవ్వి, తడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. జీవరాజు నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"ఒక పని చేద్దాం వదినా. గుడ్ల సంగతి నేను చూసుకుంటాను. నలుగురికీ నచ్చజెబుతాను. ఆ అమ్మాయి మాత్రం వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. తెల్లవారుజామున తోటలోకి రాకూడదు. అంతే. మీ మాటా ఉంటుంది, మా మాటా ఉంటుంది."

ఇప్పుడు ఆగింది బియ్యంలో చెయ్యి.

"అదీ. ఇంతసేపటికి అసలు మాట వచ్చింది. పసుపుది తప్పు కాదు, పూసిన చేతిది తప్పు."

"అలా అనలేదండి."

"అలాగే అన్నావు. విను జీవరాజూ. ఈ ఏడు గంప నేను మొయ్యను. మోకాళ్లు నొప్పి. దుర్గ మోస్తుంది. గుడ్లు దుర్గ పెడుతుంది, మీ అన్నయ్య సమాధితో మొదలెట్టి. వెళ్లి నీ కమిటీకి చెప్పు."

అతను వెళ్లాక దుర్గ వచ్చి పక్కన కూర్చుంది. "నేను రానత్తయ్యా. మీరు ఇన్నేళ్లబట్టి చేస్తున్నది నా మూలంగా పాడవడం ఎందుకు? ఇంట్లో ఉంటాలెండి. నాకేం బాధ లేదు."

"బాధ లేదని చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను. మా అమ్మ కూడా చెప్పులు చేత్తో పట్టుకుని బాధ లేదనే అనేది."

దుర్గ తల దించుకుంది. ఆ వీధి ఏదో ఆ పిల్లకి తెలుసు.

శనివారం పొద్దున ఫిన్నీ వ్యానులోంచి తెల్లగుడ్ల ట్రేలు దింపాడు. ఇంట్లో నాటుకోళ్లున్నా వాటి గుడ్లకి రంగు సరిగ్గా పట్టదు. పెరట్లో మూడు పొయ్యిలు వెలిగాయి. లేత టేకాకుల్ని సంపూర్ణమ్మ అరచేతుల మధ్య నలిపి చూసింది. చేతులు ఎర్రబడ్డాయి. ఈ ఏడు ఆకులో నెత్తురుందంది. వాటిని ఒక కుండలో వేసింది. శంఖుపూలు ఇంకో కుండలో. కల్లు చుక్క పడితే వాటి నీలం వంగపువ్వు రంగులోకి పోతుందని ఆ కుండలో మాత్రం వెయ్యదు. చింతచిగురు రెబ్బల్ని తడిపి గుడ్డుకి అంటించి, ఐజాక్ పాత పంచె చింపిన పేలికలతో గట్టిగా కట్టడం ఫిన్నీ పని. ఉడికాక పేలిక విప్పితే రంగు గుడ్డు మీద తెల్లటి చిగురు మిగులుతుంది. ఆకు తీసేసినచోట ఆకు నీడ మిగిలినట్టు.

"ఏంట్రా ఆ కట్టడం? గుడ్డుకి కట్టు కడుతున్నావా, కాలిరిగిన ఎద్దుకా?" అంది సంపూర్ణమ్మ.

"వ్యాను టైరుకి పంక్చరు వెయ్యడం వచ్చినంత సులువుగా ఇది రాదే అమ్మా."

"మీ నాన్న కట్టేవాడు చూడు. పసిపిల్లకి మొలతాడు కట్టినట్టు కట్టేవాడు."

దుర్గ ముందు దూరంగా కూర్చుంది. సంపూర్ణమ్మ పసుపు కుండ తీసుకెళ్లి ఆ పిల్ల ఒళ్లో పెట్టినంత పని చేసింది. "నీ కుండ ఇది. కొమ్ములు నువ్వే దంచు. నువ్వే ముంచు. నువ్వే తియ్యి."

దుర్గ దంచింది. రోలు చుట్టూ గాలి పచ్చబడింది. మోచేతుల దాకా పసుపు, బుగ్గ మీద పసుపు, చూస్తూ నవ్వుతున్న ఫిన్నీ చొక్కా మీద పసుపు. ఉల్లిపొట్టు మధ్యాహ్నానికే అయిపోయింది. సగం సంచికి ఎన్ని గుడ్లు ఎర్రబడతాయి? మిగిలిన ట్రేలు చూసి ఫిన్నీ తల గోక్కున్నాడు.

"ఇవన్నీ తెల్లగానే పెడతామా?"

"తెల్లగా ఎందుకు? పసుపు ఉంది కదా" అంది సంపూర్ణమ్మ. "పొట్టు తెచ్చివ్వనివాళ్లందరికీ పసుపే."

అలా ఆ ఏడు గంపలో నూటికి తొంభై పసుపు గుడ్లయ్యాయి. సాయంత్రం చాప మీద ఆరబెడితే పెరట్లోకి చిన్న చిన్న సూర్యుళ్లు దిగి కూర్చున్నట్టుంది. మధ్యలో అక్కడక్కడా టేకు ఎరుపు, శంఖు నీలం.

వాటిని ఆరబెట్టకముందే, మూడు గంటల వేళ, ఒక వాన వచ్చిపడింది. వేసవి వాన, చెప్పాపెట్టకుండా. కాలవ అవతల కోసిన దాళ్వా పనలు తడిసిపోతున్నాయని జనం పరుగెత్తారు. వాన వెలిశాక ఇంకో సంగతి తెలిసింది. పొద్దున తోటలో సమాధులకి కొట్టిన సున్నమంతా కారిపోయింది. పాలెమంతా బిందెలూ కుంచెలూ పట్టుకుని మళ్లీ తోటలోకి కదిలింది. చీకటి పడుతుండగా గబగబా రెండోసారి సున్నం కొట్టారు. తడిసిన రాయి మీద తడి సున్నం. గాలి కూడా చెమ్మగానే ఉంది. ఆరుతుందా లేదా అని ఎవరూ ఆగి చూడలేదు.

తెల్లవారుజామున దుర్గ తలంటుకుని, తెల్ల చీర కట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుంది. ముందు సంపూర్ణమ్మ, మధ్యలో దుర్గ, వెనక కొవ్వొత్తుల సంచితో ఫిన్నీ. తోట గేటు దగ్గర జీవరాజు నిలబడి ఉన్నాడు. నోరు తెరవబోయాడు. సంపూర్ణమ్మ ముందే చేతులు జోడించింది.

"ప్రభువు లేచెను, జీవరాజూ."

పండగ పూట ఆ పలకరింపుకి బదులు చెప్పకుండా ఎవరూ ఉండరు. "నిజముగా లేచెనండి" అన్నాడు అతను, అలవాటుగా, చేతులు జోడించి. అతను చేతులు దించేలోపల దుర్గ గేటు దాటేసింది.

ఇంకా చీకటే. కొవ్వొత్తులు ఒకటొకటి వెలుగుతున్నాయి. దుర్గ ముందు ఐజాక్ సమాధి మీద ఒక గుడ్డు పెట్టింది. తర్వాత పక్క సమాధి, దాని పక్కది. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకావిడ తన మొగుడి సమాధికి అడ్డం నిలబడింది. దుర్గ ఆగింది. సంపూర్ణమ్మ వెనక నుంచి "జరుగమ్మా, ఆయన నా చేతి గుడ్డు ఇరవయ్యేళ్లు తిన్నాడు" అంది. ఆవిడ జరిగింది. చీకట్లో తెల్లటి సమాధులు, వాటి మీద రంగు తెలియని గుండ్రటి గుడ్లు, దూరంగా కాలవ చప్పుడు. పాట మొదలైంది. తూర్పున చేల చివర ఆకాశం పలచబడింది.

మొదట చూసింది నూకరత్నం. పోయిన శ్రావణంలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. కొవ్వొత్తి సరిచెయ్యబోయి, గుడ్డుని కాస్త పక్కకి జరిపింది. గుడ్డు ఉన్నచోట సున్నం మీద ఎర్రటి మరక. గుడ్డు అడుగున కూడా ఎరుపు.

"రక్తం" అంది నూకరత్నం. పాట మధ్యలో ఆ మాట అందరికీ వినపడింది.

పక్కావిడ తన గుడ్డు ఎత్తి చూసింది. ఎరుపు. అవతలి వరసలో ఎరుపు. పసుపు గుడ్డు పెట్టిన ప్రతి సమాధి మీదా, తెల్లటి రాతి మీద గాయమంత ఎరుపు. పాట ఆగిపోయింది. ఎవరో ఏడుపు మొదలెట్టారు. ఎవరో మోకరించారు. ప్రభువు గాయాలు, ఆయన గాయాలు అని ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి మాట పాకింది. పాస్టరు ఉదయ్‌కుమార్‌గారు కుర్రవాడు, ఆ సంఘానికి కొత్త. బైబిలు గుండెకి ఆనించుకుని సమాధుల మధ్యకి వచ్చి, వంగి చూసి, ఏమీ అనకుండా నిలబడిపోయారు. జీవరాజు కళ్లు తుడుచుకుంటూ సంపూర్ణమ్మ దగ్గరకి వచ్చాడు.

"వదినా, ఇది ఆయన చేసిన పని. ఇంక గుడ్ల గురించి ఈ పాలెంలో ఎవడూ ఒక్క మాట అనడు. నేను అననివ్వను."

ఊరుకుంటే చాలు. సంపూర్ణమ్మ చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. అమ్మమ్మ గుడ్లు ఇంకో వందేళ్లు బతుకుతాయి. ప్రతి ఏడూ పక్క ఊళ్ల నుంచి జనం కూడా వస్తారు. ఆవిడ తల తిప్పి దుర్గ కోసం చూసింది. మోకరించినవాళ్ల వెనక, ఖాళీ గంప పట్టుకుని ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంది. ఎవరూ ఆ పిల్ల వైపు చూడట్లేదు. నిన్నంతా మోచేతుల దాకా పచ్చగా ఉన్న ఆ చేతులు ఎవరికీ గుర్తు లేవు. ఈ ఎరుపు దేవుడిదైపోతే, అందులో దుర్గ ఎక్కడుంటుంది?

"అది పారాణి అండి" అంది సంపూర్ణమ్మ, బడి ఆవరణలో గంట కొట్టినంత గట్టిగా.

అందరూ తిరిగారు.

"రక్తం కాదు, గాయాలూ కాదు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిళ్లలో కాళ్లకి పూస్తారు కదండీ, అదే. నిన్న వాన పడిందా, సున్నం ఆరలేదా, అంతే. మీ అందరికీ తెలిసిందే. ఆ పసుపు దంచింది మా కోడలు దుర్గ. గుడ్లకి పట్టించింది దుర్గ. తెచ్చి పెట్టింది కూడా దుర్గే. మొక్కేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని మొక్కండి."

మోకరించినవాళ్లు ఒక్కొక్కరే లేచారు.

"ఎందుకు చెప్పావే?" అంది నూకరత్నం. కోపం కాదు, ఏడుపు. "మా ఆయన దగ్గర్నుంచి ఏదో కబురొచ్చిందనుకున్నాను. కాసేపు ఉండనివ్వలేకపోయావా?"

సంపూర్ణమ్మ దగ్గరకి వెళ్లింది. నూకరత్నం భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఉదయ్‌కుమార్‌గారు ఒక అడుగు ముందుకి వేశారు. "మా అక్క పెళ్లిలో నేనే కలిపానండి పారాణి. చూడగానే తెలిసింది. తెలిసీ... చెప్పాలనిపించలేదు" అన్నారు నేల చూస్తూ.

జీవరాజుకి మొహమంతా కందిపోయింది. అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకున్నాడు, అది వెనక్కి రాదు. "అయితే ఇవన్నీ తియ్యాల్సిందే. కమిటీ వద్దన్నది వద్దన్నట్టే. తియ్యండి" అన్నాడు.

"తియ్యి" అంది సంపూర్ణమ్మ. "ఎవరికో చెప్పడం ఎందుకు, నీ చేత్తో తియ్యి. మీ అన్నయ్య దగ్గర మొదలెట్టు."

అతను విసురుగా మామిడి చెట్టు వైపు నడిచాడు. ఐజాక్ సమాధి ముందు వంగాడు. చెయ్యి చాచాడు. సున్నం మీద పసుపు గుడ్డు, దాని కింద ఎరుపు, దాని కింద అన్నయ్య. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాలెమంతా చూస్తోంది. అతను తలెత్తి, రెండేళ్లలో మొదటిసారి, దుర్గతో మాట్లాడాడు.

"పెట్టింది నువ్వు కదమ్మా. నువ్వే తీసెయ్యి."

దుర్గ గంప కింద పెట్టింది. నెమ్మదిగా సమాధి దాకా నడిచి వచ్చింది. తీసేస్తుందనుకుంది సంపూర్ణమ్మ. ఆ పిల్ల సంగతి తెలిసీ, ఆ క్షణం అలాగే అనుకుంది.

"నేను తియ్యనండి, చినమావయ్యగారూ" అంది దుర్గ. "మా మావయ్యగారి మీద పెట్టుకున్నాను. మళ్లీ తియ్యడానికి పెట్టలేదు. మీకు కావాలంటే మీరు తియ్యండి. నేను ఇక్కడే ఉంటాను."

అని సమాధికి ఆ పక్కన నిలబడింది. జీవరాజు ఈ పక్కన నిలబడే ఉన్నాడు. అన్నయ్య సమాధి దగ్గర తమ్ముడు నిలబడాల్సిన చోటు అదే, అక్కణ్ణుంచి ఎక్కడికి పోతాడు? ఇద్దరి మధ్యా ఆ గుడ్డు. ఉదయ్‌కుమార్‌గారు ఇంకేమీ అడక్కుండా బైబిలు తెరిచారు. చేల మీంచి సూర్యుడు పైకొచ్చాడు. వెలుతురులో తోటంతా ఒక్కసారిగా కనిపించింది, తెలుపు మీద పసుపు, పసుపు కింద ఎరుపు, ఎవరూ చెరపలేనంత స్పష్టంగా.

ప్రార్థన అయ్యాక కొందరు తమవాళ్ల సమాధుల మీంచి గుడ్లు తీసి, విసిరెయ్యకుండా, పక్కన గడ్డి మీద పెట్టి వెళ్లారు. కొందరు అలాగే వదిలేశారు. పిల్లలకి కమిటీవాళ్లు గేటు దగ్గర ప్లాస్టిక్ గుడ్లు పంచారు. పిల్లలు చాక్లెట్టు తినేసి, మళ్లీ తోటలోకి పరుగెత్తుకొచ్చి, ఈ గుడ్లు కూడా జేబుల్లో కుక్కుకున్నారు. వాళ్లని ఎవరు ఆపగలరు? నూకరత్నం తన గుడ్డుని కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. జీవరాజు చివరి దాకా ఉండి, వెళ్తూ వెళ్తూ అన్నయ్య సమాధిని ఒకసారి తాకి వెళ్లాడు. గుడ్డు తియ్యలేదు. వదినతో మాట్లాడలేదు.

"వచ్చే ఏడు గేటుకి తాళం వేస్తారే అమ్మా" అన్నాడు ఫిన్నీ.

"వెయ్యనీ. గోడ ఎంత ఎత్తుంటుంది? నువ్వు లేవూ ఎత్తడానికి?"

ముగ్గురూ మామిడి నీడలో కూర్చున్నారు. సంపూర్ణమ్మ ఐజాక్ సమాధి మీది గుడ్డు తీసి, రాతి అంచుకి కొట్టి, పెంకు ఒలిచి, తెల్లసొన మీద పాకిన పసుపు గీతలు చూసి, సగం తుంచి దుర్గకిచ్చింది.

"ఉప్పేది?"

దుర్గ నాలుక కరుచుకుంది. "మర్చిపోయానత్తయ్యా."

"అంతమందికి జవాబు చెప్పావు, చిటికెడు ఉప్పు తేలేకపోయావు. ఏం కోడలివే నువ్వు!" అంది సంపూర్ణమ్మ, నోటి నిండా గుడ్డుతో.